బ్రౌజరా, యాపా అని తూకం వేస్తున్న నా చేతిని ప్రభువు పట్టుకొన్నాడు

సహోదరులారా, నా భార్య మరియమ్మ ప్రభువునొద్దకు వెళ్లిపోయిన తరువాత వచ్చిన వానకాలమంతా నేను మేలుకొని ఉన్నానో కలలో ఉన్నానో నాకే తెలియదు. బర్మాలో, ఈ అహ్లోన్ రేవుపేటలో, మా ఇంటి కిటికీలోంచి చూస్తే నది, వాన, ఆవలి ఒడ్డు అన్నీ ఒకే బూడిదరంగులో కలిసిపోయేవి, పడవలు నీళ్ల మీద పోతున్నాయో ఆకాశంలో పోతున్నాయో తెలిసేది కాదు, ఆ మసకలో కూర్చుని నేను మధ్యాహ్నం వేళ ఫోనులో రంగుల చక్రం తిప్పుకొనేవాణ్ణి. అవును, జూదమే! డెబ్బై ఆరేళ్లవాణ్ణి, సంఘంలో వాక్యం చదివేవాణ్ణి, ఆన్‌లైన్ కాసినో ఆడాను! ఎంత పోయిందని అడగకండి, నేను చెప్పబోయేది సొమ్ము సంగతి కాదు.

నేను బడికి పోలేదు. మా నాన్న రేవులో మూటలు మోశాడు. తెలుగు అక్షరాలు పాత బైబిలులో, బర్మా అక్షరాలు దుకాణాల బోర్డుల మీద, ఇంగ్లీషు బియ్యం మిల్లు చీటీల మీద నాకు నేనే నేర్చుకొన్నాను, ఆ గర్వం నాకు మెండు. నా చిన్నప్పుడు మిల్లు గోదాము వెనుక పాచికలు ఆడేవాళ్లు తడిక కింద వంగి దూరవలసి వచ్చేది, వంగే ముందు ఎవరైనా చూస్తారేమోనని అటూ ఇటూ చూసుకొనేవారు. పాపానికి అప్పుడొక చోటుండేది, సిగ్గుండేది! ఇప్పుడో? నెట్టులో ఎవడో పెద్దమనిషిలా మెత్తగా రాస్తాడు, బ్రౌజరులో ఆడితే ఇవీ సుఖాలు, యాప్‌లో ఆడితే ఇవీ సుఖాలు, మీకేది అనుకూలమో ఎంచుకోండి అని. చెప్పులు కొనేవాడికి చెప్పినట్టు! ఆడవచ్చునా, కూడదా అన్న మొదటి ప్రశ్నను తానే మింగేసి, రెండో ప్రశ్న మన చేతిలో పెడతాడు. చదువు నేర్చినవాణ్ణనే గర్వంతో నేను ఆ రెండో ప్రశ్న మీద వారాల తరబడి ఆలోచించాను.

మొదట బ్రౌజరే మేలనుకొన్నాను. ఫోనులోకి ఏదీ దించుకోనక్కరలేదు, తెర మీద గుర్తు ఉండదు, కోడలు ఎస్తేరు చూసినా ఏమీ కనబడదు. అంతకంటె పెద్ద అబద్ధం ఒకటి నాకు నేనే చెప్పుకొన్నాను, దీన్ని నేను ఇంట్లోకి తేలేదు, గుమ్మంలో నిలబడి తొంగి చూస్తున్నానంతే అని. కాని కరెంటు పోయినప్పుడల్లా మా వీధిలో నెట్టు కూడా సన్నగిల్లుతుంది, చక్రం సగంలో ఆగి పేజీ తెల్లబడిపోయేది. యాప్ అయితే చప్పున తెరుచుకొంటుందని చదివి, సరే, యాప్ అన్నాను.

ఫోను చోటు లేదంది. ఏది తీసేస్తావో చూసుకోమని జాబితా చూపింది. అందులో అన్నిటికంటె పైన ఉన్నవి మరియమ్మ తన గొంతుతో పాడి దాచిన పాటలు, ఐదు.

అవి ఆమె మిల్లులో బియ్యం చెరుగుతూ సొంతంగా కట్టిన పాటలు, చేట ఊపుకు తగినట్టు నడిచే పాటలు. మా సంఘంలో ఈతరం ఆడవాళ్లకు తెలుగు వింటే తెలుస్తుంది, చదవడం రాదు, అందుకని ప్రభువు బల్ల ఉండే ఆదివారానికి ముందు శనివారం వారంతా మా ఇంటికి వచ్చి, నా ఫోనును ఖాళీ సత్తుగిన్నెలో పెట్టి, గిన్నెలోంచి గట్టిగా వచ్చే ఆమె గొంతు వెంట ఒక్కొక్క చరణం పలికి నేర్చుకొంటారు. అవన్నీ ఆమె పాటలని తెలుసు. తెలిసే నొక్కాను! ఎస్తేరు దగ్గర ఉంటాయిలే అనుకొన్నాను, అడగలేదు. పాటలు పోయాయి, యాప్ వచ్చింది, చక్రం తిరిగింది, బయట వాన కురుస్తూనే ఉంది, నాకెంత హాయిగా ఉండిందో చెప్పడానికి నోరు రావడం లేదు.

శనివారం వచ్చింది. మరియమ్మతో మిల్లులో పనిచేసిన సుందరమ్మ ఆవలి ఒడ్డున ఉన్న దలా నుంచి పడవలో నది దాటి వచ్చింది. పదిమంది చాపల మీద కూర్చున్నారు. నేనొక సాకు వెతికేలోగా ఎస్తేరు ఫోను తీసి గిన్నెలో పెట్టేసింది, సుందరమ్మ కళ్లు మూసుకొని ప్రార్థన మొదలుపెట్టింది. సహోదరులారా, బ్రౌజరు మనం పోతేనే పలుకుతుంది, యాప్ అలా కాదు, తానే పిలుస్తుంది! ప్రార్థన మధ్యలో గిన్నె మోగిపోయింది, బాజాలు, గలగలమని నాణేల చప్పుడు, ఆపైన ఒక ఆడగొంతు బర్మా భాషలో, రండి, ఈరోజు మీరింకా చక్రం తిప్పలేదు అని!

“గిన్నిలో పాటెడితే జూదం వచ్చిందేటే!” అంటూ సుందరమ్మ కళ్లు తెరిచింది. ఎవరో కిసుక్కున నవ్వారు. ఎస్తేరు నవ్వలేదు. ఫోనంతా వెతికి, “మావయ్యా, అత్తమ్మ పాటలేవి?” అంది.

“నీ కాడ నేవా?”

“నా కాడెక్కడివి? నీ కాడున్నాయి కదా అని నాను దాసుకోనేదు.”

“సెప్పన్నా,” అంది సుందరమ్మ. “మాటాడవేటి? ఆదివారం బైబిలట్టుకుంటే గోడలదిరిపోతాయి కదా నీ గొంతుకి!”

చెప్పాను. బ్రౌజరు నుంచి యాప్ దాకా అంతా చెప్పి, మోకాళ్ల మీద పడి, “ప్రభువా, ఆమె గొంతు తుడిచేసింది ఈ చెయ్యే, దీన్ని నేనింక నమ్మలేను, నువ్వే పట్టుకో తండ్రీ” అని ఏడ్చాను.

ఎవరూ లేచిపోలేదు. సుందరమ్మ ఒళ్లో చేట ఉన్నట్టే రెండు చేతులూ ఊపుతూ, ‘పొట్టు గాలికి పోనీవయ్యా, గింజ నీ చేత నిలుపవయ్యా’ అని ఎత్తుకొంది. చేతులు ఊగితే ఆమెకు మాట వస్తుంది, ఆగితే మాట పోతుంది! అది చూసి అందరూ చేతులు ఊపారు. ఒకరికి రెండో చరణం వచ్చింది, ఒకరికి చివరి మాట వచ్చింది, ఒకరి తప్పు ఇంకొకరు దిద్దారు.

“నలభయ్యేళ్లు నీ పక్కనే పాడింది, నీకు గుర్తు నేదేటన్నా?”

లేదు. ఏ ఏట ఏ ఓడ రేవులో ఆగిందో చెప్పగలవాణ్ణి, ఫోనులో ఉంది కదా అని ఆమె మాట ఒక్కటీ మనసులో దాచుకోలేదు!

చీకటి పడకముందే నాలుగు పాటలు దొరికాయి. ఐదోదానికి రాగమే తప్ప మాటలు దొరకలేదు, ఈనాటికీ దొరకలేదు, దేవుడు దాన్ని ఫోనులోకి తిరిగి పంపాడని నేను అబద్ధసాక్ష్యం చెప్పను. నా కళ్ల ముందే ఎస్తేరు ఆ యాప్ తీసేసింది, ఫోను ఆమెకే ఇచ్చేశాను. తరువాత ఎన్నో వారాలు అరచెయ్యి దురద పెట్టేది, కన్ను మూస్తే చక్రమే, అప్పుడల్లా ‘పట్టుకో తండ్రీ’ అని పెన్సిలు తీసి ఆ పాటలు పెద్ద అక్షరాలతో రాసేవాణ్ణి. ఆ కాగితాల మీదే ఇప్పుడు పదిమంది తెలుగు చదవడం నేర్చుకొంటున్నారు. ఐదో పాట వంతు వచ్చినప్పుడు మాటలు లేక రాగం మాత్రమే తీస్తారు, ఇరవై చేతులు గాలిలో ఊగుతాయి, ఆయన దానిని కూడా వింటున్నాడని నా నమ్మకం. దేవునికే మహిమ!

ఇది చదువుతున్న సహోదరుడా, ఏది అనుకూలమని నువ్వూ తూకం వేస్తున్నావేమో, ఆ తక్కెడ కింద పడేయి. ఎవరికీ తెలియదనుకొంటున్నావు. ప్రభువుకు తెలుసు, తెలిసే పిలుస్తున్నాడు. నిన్ను ప్రేమించేవాళ్లలో ఒక్కరి దగ్గరికి పోయి నోరు తెరువు. సిగ్గు తగ్గాక పోదామని ఆగకు, సిగ్గుతోనే పో.