పసుపు అంచు ఎర్రజెండా

ఆ రోజుల్ని తలుచుకుంటే నా మీద నాకే జాలి వేస్తుంది. ఇరవై రెండేళ్ల వయసు, చేతిలో డిగ్రీ కాగితం, చేయడానికి పని లేదు. ఆదోని పత్తి మార్కెట్‌లో ఎంతగా తిరిగానంటే, అక్కడి ఎద్దులు నన్ను చూసి పక్కకు జరిగి దారి ఇచ్చేవి. సరిగ్గా అప్పుడే కొందరు వ్యాపారులు ముచ్చటపడి ఊరి బయట కొండ కింద రైఫిల్ క్లబ్బు పెట్టారు. (ఉన్నవి రెండే తుపాకులు. నేను చెప్పేటప్పుడు ఇరవై అయ్యేవి.) కాలేజీలో రైఫిల్ పట్టిన అనుభవం ఉందని నన్ను జీతం లేని శిక్షకుడిగానూ, భద్రతాధికారిగానూ వేశారు. ఆదివారం పొద్దున మెళ్లో విజిల్ వేసుకుని నడుస్తుంటే దేశ సరిహద్దు మొత్తం నా మీదే ఆనుకుని ఉన్నట్టుండేది. నిజానికి నా పని, బోర్లా పడుకోలేక బొజ్జ మీద ఊయల ఊగుతున్న వ్యాపారుల్ని ఊగకుండా పట్టుకోవడం.

అసలు గురువు హవల్దార్ మామ. పెద్దకడుబూరు మనిషి, పటాలం నుంచి రిటైరై వచ్చినవాడు. భార్య పోయింది, పిల్లలు లేరు; ఆదివారం కోసం మిగతా ఆరు రోజులూ బతికేవాడు. ఆయన ఎడమ చెవి పూర్తిగా పోయిందనీ, కుడి చెవి ఆ దారిలోనే ఉందనీ రెండో వారమే నాకు తెలిసిపోయింది. ఎవరేం చెప్పినా గంభీరంగా తలూపేవాడు. నేను నిలదీస్తే చేయి పట్టుకున్నాడు.

"ఎవురికీ సెప్పొద్దప్పా. ఇదొక్కటే నాకు మిగిలింది. ఆపాల్నంటే భుజం మీద తట్టు, సాలు."

తట్టేవాణ్ని. ఇదేదో గొప్ప పుణ్యం అనుకున్నాను.

తుపాకులు కాల్చే రేంజి అన్నాక ఎర్రజెండా ఉండాలి. ప్రమాదం, ఇటు రావద్దు అని దాని అర్థం. ఎమ్మిగనూరులో మగ్గం నేసే మా చిన్నాయన్ని అడిగాను. ఆయన ఉత్త ఎర్రగుడ్డ నేయడమా! చేతులు ఊరుకోవు కదా. బెత్తెడు పసుపు అంచు వేసి, "అంచు ల్యాకుండా గుడ్డ ఇస్తే మన ఇంటి పరువేమవుతుందిరా?" అన్నాడు. రోడ్డు మీదికి కనపడాలని దాన్ని తుపాకీ గుండ్లు దిగే మట్టికట్ట పక్కన, ఎత్తుబండ మీద కట్టాను.

కొండ మీద ఎర్రజెండా, దానికి పసుపు అంచు. ఇంకేం కావాలి? మూడో వారానికల్లా జనం టెంకాయలు పట్టుకుని రావడం మొదలుపెట్టారు. కౌతాళం నుంచి ఒకాయన కోడిని కూడా తెచ్చాడు. "అన్నా, ఇది అమ్మోరు కాదు, తుపాకులు కాల్చే తావు" అంటే, "అమ్మోరు యాడుంటే ఆడ కత్తులూ తుపాకులూ ఉండవా ఏంది?" అని నన్నే ఎదురడిగాడు. రావద్దని కట్టిన జెండా తాలూకా మొత్తాన్నీ పిలుస్తోంది. దించేసి వేరేది కట్టాల్సింది. చిన్నాయన నొచ్చుకుంటాడని కట్టలేదు.

ఆ ఆదివారం హవల్దార్ మామ, ఎలా కాల్చాలో చూపిస్తానని బోర్లా పడుకున్నాడు. ఇంతలో దారి మొదట్లో ఆటో నిండా భక్తులు దిగారు. వాళ్లను తిప్పి పంపడానికి మామ పక్కనుంచి లేచి వెళ్లాను. నేను వాళ్లతో వాదిస్తూనే ఉన్నాను. బండ వెనకవైపు నుంచి ఒక అవ్వ, నెత్తిన గంపతో, ఒంటరిగా జెండా దగ్గరికి ఎక్కి వస్తోంది. విజిల్ ఊదాను. కొండ మారుమోగింది. బొజ్జ వ్యాపారులందరూ బిగుసుకుపోయారు. మామకు మాత్రం వినపడలేదు. ఆయన భుజం పక్కనే నలుగురు నిలబడి ఉన్నారు, ఒక్కడూ తట్టలేదు. కాల్చేవాణ్ని నేను తప్ప ఇంకెవరూ తాకకూడదని నేనే రూలు పెట్టాను. వాళ్లు నా మాట విన్నది జీవితంలో ఆ ఒక్కసారే.

పేలింది.

తర్వాత చాలా ఏళ్లు ఈ కథ చెబుతూ, గుండు అవ్వ టెంకాయను రెండు చెక్కలు చేసిందనేవాణ్ని. ఇక్కడ పెంచను. గుండు బండను తాకింది. అరచేయంత రాతిపెచ్చు ఎగిరి అవ్వ గంపలో పడింది. అంతే. జానెడు పక్కకు పోయుంటే నేనీ ముక్క రాసేవాణ్ని కాదు.

నేను పరుగెత్తుకొచ్చేసరికి మామ తలెత్తి మా మొహాలు చూశాడు. బోల్టు తెరిచి, తుపాకీ చాప మీద పెట్టి, లేచాడు.

"ఎన్నిసార్లు ఊదితివప్పా?"

"రెండుసార్లు మామా."

"అబద్ధం సెప్పొద్దు." ఈసారి నా పెదాలనే చూస్తున్నాడు.

"ఎనిమిదిసార్లు."

తలూపాడు. "లైన్లో నుంచి నన్ను పంపాల్సినోడివి నువ్వే. సెప్పు."

"ఇంటికి పోదాం పా మామా."

"అట్ల కాదప్పా. రూలు మాదిరి సెప్పు."

చెప్పాను. "షూటర్, లైన్ వదిలి బయటికి పోవాల." మోకాళ్ల మట్టి దులుపుకుని వెళ్లిపోయాడు. మళ్లీ ఏ ఆదివారమూ రాలేదు. నెలలోపే క్లబ్బు కూడా మూతపడింది. రెండేళ్లకు మామ పోయాడని తెలిసింది, అదీ దినాలు అయిపోయాక.

అవ్వ మాత్రం ఆ రాతిపెచ్చుకు కుంకుమ పెట్టి బండ కిందే నిలిపింది. మొన్న అటుగా వెళ్తే చిన్న గుడి, దాని మీద పసుపు అంచుతో ఎర్రజెండా. టెంకాయ కొట్టే ఆమెను, ఈ అమ్మోరు ఎప్పుడు వెలిసిందమ్మా అని అడిగాను.

"శానా ఏండ్లాయెనన్నా. వెలిసిన పొద్దు అమ్మోరు ఎనిమిదిసార్లు కూసిందంట. మడిసన్నోడికల్లా ఇనపడిందంట."

తలూపి, టెంకాయ చెక్క తీసుకుని వచ్చేశాను. ఈమధ్య మా ఇంటావిడ నన్ను రెండుసార్లు పిలవాల్సి వస్తోంది; మూడోసారికి గంభీరంగా తలూపుతాను. ఏమన్నదో తెలియదు. తలూపడం మాత్రం మంచి గురువు దగ్గరే నేర్చుకున్నాను.