నీళ్ళు తెలిసిన చెయ్యి

పెళ్ళి వీడియోలు ఎడిట్ చేస్తుంటే ఎండాకాలంలో నా కంప్యూటర్ ప్రాసెసర్ వేడెక్కి మాటిమాటికీ ఆగిపోయేది. నీళ్ళతో చల్లబరిచే కూలర్ కొనడానికి మా కంచరపాలెం పొరుగాయన్ని వెంట తీసుకెళ్ళాను. ఆయన స్టీల్ ప్లాంటులో ఫర్నేసును చల్లబరచడానికి దాని చుట్టూ తిరిగే నీళ్ళను చూసుకునేవాడు.

షాపులో నేను రంగు లైట్లున్న కూలర్ని చూపించాను. ఆయన దాన్ని నడిపించమని షాపతనికి చెప్పి, గొట్టం మీద రెండు వేళ్ళు ఆనించి కళ్ళు మూసుకున్నాడు.

"ఇది వద్దు బావా. అతుకు కాడ కారతాది."

షాపతను నవ్వి, కింద కాగితం పరిచాడు. పావుగంటకి దాని మీద తడి చుక్క పడింది.

ఆయన లైట్లు లేని ఇంకోదాన్ని అలాగే తాకి చూసి, తీసుకోమన్నాడు.

"ఎలా తెలిసింది?" అనడిగాను.

"ఫర్నేసు కాడ కరిగిన ఇనుము మీద నీల్లు కారితే పేలి మనుసులు పోతారు బావా. సేతికి తెలవకపోతే ఎలాగ?"

తిరిగొస్తుంటే, బండి వెనక కూర్చున్న ఆయన చెయ్యి నా భుజం మీద ఉంది. ఎంతమందిని కాపాడిన చెయ్యో అనుకుంటూ నెమ్మదిగా నడిపాను.