కిటికీలోంచి పట్టిన సీటు

చంద్రగిరి మా ఊరని చెప్పుకుంటాం గానీ, పగలు ఆ ఊళ్లో ఉండేదెవరు? చుట్టూ కొండలు, మధ్యలో కొత్తగా లేచిన అపార్ట్‌మెంట్లు, వాటిలో నిద్రపోవడానికి మాత్రం వచ్చే మాబోటి జనం. తిరుపతి అద్దెలు భరించలేక ఇక్కడికొచ్చి పడ్డాం, తెల్లారితే అందరం మళ్లీ తిరుపతికే. కొండల మధ్య హాయిగా ఉన్నారంటారు చుట్టాలు. సాయంత్రం బస్టాండుకొచ్చి ఆ మాట అనమనండి, చూద్దాం.

నేను తిరుపతిలో ఒక బట్టల షాపులో పని చేస్తాను. ఐదేళ్ల మా పాప బడి కూడా ఆ వీధిలోనే. ఆడవాళ్లకు టికెట్టు డబ్బులు తీసేసినప్పటి నుంచి బస్సెక్కడమంటే కుస్తీ పట్టడమే. అందుకే మా వైపు తల్లులందరం ఒకటే చేస్తాం. బస్సు ఆగీ ఆగకముందే పిల్లను కిటికీలోంచి లోపలికి దించేసి, వాకిలి వైపు పరిగెత్తుతాం. "కాళ్లు జాపుకోని కూసో. నేనొచ్చేదాకా లెయ్యొద్దు" అని రోజూ చెప్పేదే.

ఆ రోజు సాయంత్రం తిరుపతి బస్టాండులో పాపను పీలేరు బస్సులోకి దించాను. వాకిలి దగ్గర జనం నన్ను వెనక్కి నెట్టేశారు. మెట్టు మీద కాలు పెట్టేలోపే తలుపు పడింది, బస్సు కదిలింది. అరుస్తూ వెంటపడ్డాను. ఆ గోలలో ఎవరికి వినబడుతుంది?

పీలేరు బస్సు మా ఊళ్లోకి రాదు. మేం దిగే బైపాసు మీద కాసేపు ఆగి, భాకరాపేట ఘాటు రోడ్డు ఎక్కేస్తుంది. ఘాటులో ఫోన్లు కూడా సరిగా పలకవు. దొరికిన ఆటో ఎక్కి, అతనితో "అన్నా, ముందు పోయే బస్సులో నా బిడ్డ ఉండాది" అన్నాను. అతను బండిని బస్సు వెనకే ఉరికించాడు. కొండలు దగ్గరయ్యే కొద్దీ తల బయటపెట్టి బస్సు కోసం చూస్తూనే ఉన్నాను. ఎవరైనా చెయ్యి పట్టుకుని దింపేసుకుంటే? మా అమ్మ ఏదని తానే దిగిపోతే? ఆ కొండలంటే నాకు అంత భయమేసింది అప్పుడే.

బైపాసులో బస్సు ఆగి ఉంది. కండక్టరు కిందే నిలబడి రోడ్డు వైపు చూస్తున్నాడు.

"నీ పాపేనామ్మా? ఎవురితో వచ్చినావంటే, మాయమ్మ ఎనకాల వస్తాందని సెప్తాది. అందుకే ఆపినాను. రవ్వంత కూడా ఏడవలేదు, గట్టి పిల్ల."

లోపల ఒక ముసలామె నిలబడే ఉంది. పక్కన మా పాప సీటంతా కాళ్లు జాపుకుని, కిటికీ ఊచ గట్టిగా పట్టుకుని ఉంది.

"ఈ అవ్వ అడిగినా ఇయ్యలేదుమా" అంది నన్ను చూసి. "నువ్వే కదా లెయ్యొద్దంటివి."

గబుక్కున ఎత్తుకున్నాను. గౌను తడిసిపోయి ఉంది. లేస్తే అమ్మ సీటు పోతుందని, నా బిడ్డ కూర్చున్న చోటే పోసుకుంది.