మిషనక్క పోగుచేసిన సంతకాలు

మా వీధిలో ఆమెను అందరూ మిషనక్క అనేవాళ్ళు. ముందుగదిలో కిటికీ పక్కన కుట్టు మిషను, కొక్కేలకు వేలాడే సగం కుట్టిన గౌన్లు, మెడలో టేపు. బస్సు డ్రైవరుగా చేసిన భర్త నడుము పడిపోయి ఇంట్లో కూర్చున్నాక బొత్తాలు కుట్టడం నేర్చుకున్నాడు. "స్టీరింగు పోయి సూది వచ్చింది" అని తనమీద తనే జోకులేసుకునేవాడు.

ఊరు పెరిగి మెయిన్ రోడ్డు మా వీధి చివరిదాకా వచ్చింది. మా వీధిని కమర్షియల్ చేస్తారనీ, మొదటి నాలుగిళ్ళు కొట్టేసి ఒక బిల్డరు మూడంతస్తుల దుకాణాలు కడతాడనీ తెలిసింది. కొందరికి నోరూరింది, చాలామందికి గుండె జారింది. దీన్ని ఆపాలని రిటైరైన హెడ్మాస్టరు గారు సంఘం పెట్టారు. మరి సంతకాలకు ఇంటింటికీ తిరిగేదెవరు?

"నువ్వడిగితే ఎవరూ కాదనరమ్మా. అందరి కొలతలూ నీ దగ్గరే ఉన్నాయి" అన్నారాయన.

అక్క పొంగిపోయింది. కాళ్ళరిగేలా తిరిగి పదిరోజుల్లో నూటపన్నెండు సంతకాలు తెచ్చింది. అందులో నాదీ ఒకటి.

అభ్యంతరాలు వినే రోజున మున్సిపల్ ఆఫీసు మేడమీది హాలు కిక్కిరిసింది. హెడ్మాస్టరు గారు చదివింది ఫ్యాన్ల చప్పుడులో కలిసిపోయింది. అప్పుడు అక్క లేచింది.

"పిల్లలు మా వీధిలోనే సైకిలు నేర్చుకుంటారండీ. మా ఆయన మందులేసుకుని మధ్యాహ్నం పడుకుంటాడు. గుమ్మం ముందు లారీలు సరుకు దించితే మేమెక్కడికి పోవాలి? ఇళ్ళున్న చోట ఇళ్ళే ఉండాలి!"

చప్పట్లు మోగిపోయాయి. అవి ఆగేదాకా ఉండి బిల్డరు తరపు లాయరు లేచాడు.

"బాగా చెప్పారమ్మా. తమరేం చేస్తుంటారు?"

"బట్టలు కుడతానండీ."

"ఎక్కడ?"

"మా ఇంట్లోనే."

"కుట్టుకూలి తీసుకుంటారా?"

"తీసుకోక, ఊరికే కుడతానా?"

హాలంతా నవ్వింది. లాయరు మాత్రం నవ్వలేదు. "ఇది రాసుకోండి" అన్నాడు గుమాస్తాతో.

మేమే గెలిచాం. మా వీధి నివాస ప్రాంతంగానే ఉంటుందని ఉత్తర్వు వచ్చింది. ఆరు వారాలకు అక్క తలుపుకు నోటీసు అంటించారు. నివాస ప్రాంతంలో వ్యాపారం చేస్తున్నారు, పదిహేను రోజుల్లో ఆపాలి.

సంఘం ఒక్క కాగితం రాసిస్తే సరిపోతుందనుకుని ఆమె హెడ్మాస్టరు గారింటికి వెళ్ళింది. నేను ఆయన పక్క కుర్చీలోనే ఉన్నాను.

"నీకు మినహాయింపు అడిగితే రేపు వాళ్ళూ అడుగుతారమ్మా. గెలిచిందంతా పోతుంది" అన్నారాయన, కళ్ళద్దాలు తుడుచుకుంటూ. "ఇళ్ళున్న చోట ఇళ్ళే ఉండాలని నువ్వే అన్నావు కదా."

"నా మాట నాకే అప్పజెబుతున్నారా మాస్టారూ?"

ఆయన కళ్ళద్దాలు పెట్టుకున్నారు. ఆమె నా వైపు చూసింది. నేను గడియారం వైపు చూశాను.

మర్నాడు తనే కాగితం పట్టుకుని అవే గుమ్మాలు మళ్ళీ ఎక్కింది. ఒకరింట్లో పెన్ను దొరకలేదు. ఇంకొకరు తలుపే తీయలేదు. మా ఇంటికొచ్చినప్పుడు, "మా ఆవిణ్ణి అడిగి చెప్తానక్కా" అన్నాను. మా ఆవిడ నా వెనకే నిలబడి ఉంది. మొత్తం వీధిలో నలుగురు సంతకం పెట్టారు.

బిల్డరు మెయిన్ రోడ్డుకు అవతల స్థలం చూసుకుని అనుకున్న భవనం అక్కడే కట్టాడు. ఆ మెట్ల కింద కిటికీ లేని గదిలో అక్క మిషను పెట్టుకుంది. వాళ్ళాయన అంత దూరం నడవలేడు. బొత్తాలు ఇప్పుడు ఆమే కుట్టుకుంటుంది. పొద్దస్తమానం ఆయన ఒక్కడే ఆ ముందుగదిలో కూర్చుని ఉంటాడు. మా వీధి మాత్రం ప్రశాంతంగా ఉంది.

మొన్న మా పాప యూనిఫాం బిగుతైందని తీసుకెళ్ళాను. "అక్కా, ఆ రోజు నేను..." అన్నాను.

ఎప్పుడూ నన్ను తమ్ముడూ అని పిలిచే మనిషి, సుద్దముక్క అందుకుంటూ, తలెత్తకుండా అడిగింది.

"నడుం దగ్గర ఎంత వదలాలో చెప్పండి సార్."