నాన్న బస్సు తాళంచెవి

మా నాన్న మజివిరే ముప్పై ఏళ్ళు హరారే నుంచి గోక్వేకి బస్సు నడిపాడు. ఆయన్ని పూడ్చి వచ్చినా అమ్మ కంట చుక్క రాలేదు. నాకు భయం పట్టుకుంది.

మా ఆచారంలో, పోయిన మామగారిని అనుకరించి చావింట అందరినీ నవ్వించడం కోడలి వంతు.

"ఏమ్మా చెనాయ్, మీ మామ నడక మర్చిపోయావా?" అని బాబాయి ఎగదోశాడు.

"ఇప్పుడా బాబాయ్, సిగ్గులేదూ!" అని కసిరాను.

నా భార్య చెనాయ్ వినలేదు. నాన్న టోపీ పెట్టుకుని, ఆయన ఇంటికొచ్చినప్పుడల్లా కొట్టినట్టే బస్సు తాళంచెవితో తలుపు మీద రెండుసార్లు కొట్టింది. అందరూ పకపకా నవ్వారు.

లోపల్నుంచి అమ్మ అరిచింది. "వస్తున్నా, ఉండవయ్యా! చేతులు కడుగుదువుగాని."

నవ్వులు ఆగిపోయాయి. అమ్మ చెంబుతో వచ్చింది. చెనాయ్ చేతులు చాపింది. నీళ్ళు పోస్తూ అమ్మ ఆ చేతుల గాజులు చూసింది. అయినా చెంబు ఖాళీ అయ్యేదాకా పోసింది. అప్పుడు ఏడ్చింది.