ఇద్దరు ఫార్వర్డులు, రెండు తప్పుల పుస్తకాలు

నా ఉద్యోగంలో చివరి బదిలీ తిరువూరుకు. జూన్‌లో బడులు తెరిచిన రెండో రోజున అక్కడొక ఉన్నత పాఠశాలలో వ్యాయామోపాధ్యాయుడిగా చేరాను. శాఖ కాగితాల్లో ఆ పోస్టు పేరు పి.ఇ.టి.; పిల్లలకూ ఊరికీ డ్రిల్లు మాస్టారు. ఉదయం అసెంబ్లీలో వరుసలు నిలబెట్టాలి, సాయంత్రం ఆటలు ఆడించాలి, వానలు తగ్గాక పోటీలకు జట్లను తీసుకెళ్లాలి.

ఆ బడిలో కబడ్డీదే రాజ్యం. ఆడపిల్లలకు ఫుట్‌బాల్ జట్టు పెడతానంటే హెడ్మాస్టరు గారు ఒక్క సంవత్సరం గడువిచ్చారు.

"జోనల్ పోటీల్లో ఒక్క మ్యాచి గెలిచి రండి మాస్టారూ. లేదంటే ఆ స్థలంలో కబడ్డీ కోర్టు గీయించేస్తాను," అన్నారు. జోనల్ అంటే చుట్టుపక్కల మండలాల బడుల మధ్య జరిగే తొలి అంచె పోటీ. ఓడినవారు అక్కడి నుంచే ఇంటికి.

జట్టులో గోలు కొట్టగలవాళ్లు ఇద్దరే. ఒకరు పెనుగొలను నుంచి వచ్చే కెజియా, రెండోవారు నెమలి నుంచి వచ్చే స్రవంతి. ఇద్దరిదీ పదో తరగతి. ఇద్దరూ ఫార్వర్డులు, అంటే ఎదుటి జట్టు గోలు దగ్గర ఆడేవాళ్లు. ఒకే బస్సులో వచ్చేవారు. ముందు సీటు కోసం మొదలైన తగువు వాళ్లతోపాటే బస్సు దిగి గ్రౌండు దాకా వచ్చేది. కెజియా ముగ్గురిని దాటి నాలుగో అమ్మాయి దగ్గర బంతి పోగొట్టుకునేది కానీ, పక్కనే ఖాళీగా ఉన్న స్రవంతికి ఇచ్చేది కాదు. స్రవంతీ అంతే.

చిన్నప్పటి నుంచి డైరీ రాసేవాణ్ణి కాబట్టి, ఏ రోగానికైనా ముందు పట్టిక గీస్తాను. ఎవరు ఎవరికి ఎన్ని పాసులిచ్చారో వారంపాటు రాశాను. ఆ ఇద్దరి గడిలో అన్నీ సున్నాలే. శనివారం పట్టిక చదివి వినిపించి, ఆ గడి నిండకపోతే ఇద్దరినీ బెంచీ మీద కూర్చోబెడతానన్నాను.

సోమవారం గడి నిండింది. ఇద్దరూ గ్రౌండు మధ్యలో రెండు గజాల దూరంలో నిలబడి, బంతిని ఇటూ అటూ తోసుకుంటూ ఉండిపోయారు. గోలు వైపు ఒక్క అడుగు పడలేదు. గోల్‌కీపరు భవాని తన చోటి నుంచే "ఇస్తినమ్మ వాయనం!" అని అరిచింది. జట్టంతా "పుచ్చుకుంటినమ్మ వాయనం!" అని అందుకుంది. విజిల్ ఊదాల్సినవాణ్ణి నవ్వాను. ఆనాటి డైరీలో ఇలా ఉంది: "పాసులు నలభై ఒకటి. గోల్స్ లేవు. తప్పు పట్టికది."

ఆట ఆపగానే స్రవంతి తగువుకొచ్చింది.

"సార్, మీరు పాసులే రాస్తున్నారు. దాని తప్పులు రాయట్లేదేంటి?"

"నీ తప్పులు రాయాలంటే సార్‌కి పుస్తకం చాలదులేవే," అంది కెజియా.

అయితే మీరే రాసుకోండని చెరొక నోటుపుస్తకం ఇచ్చాను. రోజు విడిచి రోజు ఒకరు ఆడాలి, రెండోవారు గట్టున కూర్చుని రాయాలి. 'పొగరు', 'తిక్క' లాంటి మాటలు కుదరవు; కంటికి కనబడిందే రాయాలి. ఇందులో బోధనా పద్ధతి ఏదో ఉందనుకోవద్దు. కాసేపు నోళ్లు మూయించడమే నా ఉద్దేశం.

పోటీకి అప్పటికి రెండు వారాలుంది. హోంవర్కు కూడా వాళ్లు అంత శ్రద్ధగా రాసి ఉండరు.

కెజియా పుస్తకంలో: "స్రవంతి ఎడమకి పరిగెత్తే ముందు ప్రతిసారీ జడ వెనక్కి తోసుకుంటుంది. టైము వేస్టు."

స్రవంతి పుస్తకంలో: "కెజియా నాలుక బయటపెట్టిందంటే బంతి ఎవరికీ ఇవ్వదు. పెదవి కొరికితే ఇస్తుంది. కొరకడం రెండుసార్లే చూశాను."

పోటీ రోజున ఇద్దరినీ దింపాను. వేరే దారి లేదు. చివరి ఐదు నిమిషాల దాకా ఎవరికీ గోలు రాలేదు. అప్పుడు కెజియాను ముగ్గురు చుట్టుముట్టారు. నాలుక బయటికొస్తుందేమోనని చూశాను. రాలేదు. పెదవి కొరికింది. అవతల స్రవంతి జడ వెనక్కి తోసుకుంది. కెజియా అది చూసి, బంతిని ఎడమ వైపు ఎవరూ లేని చోటికి తన్నింది. నా పక్కనున్న సైన్సు మాస్టారు "అయ్యో, ఎవరికిచ్చావమ్మా!" అన్నారు. ఆయన మాట పూర్తయ్యేలోపు స్రవంతి అక్కడికి చేరింది. గోలు పడింది.

భవాని మళ్లీ వాయనం మంత్రం అందుకుంది. ఈ ఇద్దరూ మాత్రం అప్పుడే తగువులో ఉన్నారు.

"నేను పరిగెత్తకపోతే ఏం చేసేదానివే?"

"జడ తోసుకున్నావుగా. పరిగెత్తక ఎక్కడికి పోతావ్?"

"నువ్వు పెదవి కొరికావు కాబట్టి పరిగెత్తా. లేకపోతే కదిలేదాన్నే కాదు."

ఆ మ్యాచి గెలిచాం, తర్వాతిది ఓడాం. కబడ్డీ కోర్టు గీయలేదు. బస్సులో ముందు సీటు తగువు పరీక్షల దాకా నడిచింది.

స్నేహం కుదిరితేనే జట్టు కుదురుతుందని శిక్షణలో మాకు చెప్పారు. బంతి ఇవ్వడానికి ఇష్టం అక్కర్లేదని, ఎదుటి మనిషి తర్వాత ఏం చేస్తుందో తెలిస్తే చాలని ఆ ఏడు తెలిసింది. అంత శ్రద్ధగా గమనించేది స్నేహితుల కన్నా పోటీదారులే. రిటైరయ్యేదాకా ఏటా జూన్‌లో రెండు నోటుపుస్తకాలు కొన్నాను. పాసుల పట్టిక మళ్లీ గీయలేదు.