మా నాన్న మూడు వేసవులు వెతికిన ట్రక్కు

మా చిన్నప్పుడు... మిషిగన్‌లో, ట్రాయ్‌లో మా ఇంటి గ్యారేజీ పక్కన ఒక క్యాంపర్ మూడు వేసవులు కదలకుండా నిలబడింది. రెండు పడకలు, ఒక పొయ్యి, అరచేతంత సింకు... చక్రాల మీద చిన్న ఇల్లన్నమాట. నాన్న ఆఫీసులో రిటైరైపోతున్న ఒకాయన ఇచ్చి వెళ్ళాడు. దాన్ని లాగే ట్రక్కు ఒకటి కొనుక్కుంటే చాలు, కొలరాడో కొండలకి వెళ్ళిపోవచ్చు.

ఆ "ఒకటి కొనుక్కుంటే చాలు" దగ్గరే మా బతుకు ఆగిపోయింది.

నాన్న బ్రేకులు టెస్ట్ చేసే ఇంజనీరు. బ్రేకులు ఎన్ని రకాలుగా ఫెయిలవుతాయో రోజంతా చూసి ఇంటికొచ్చే మనిషికి ఏ బండి మీద నమ్మకం కుదురుతుంది చెప్పండి? ఒకదానికి ఇంజిను బాగుంటే గేర్‌బాక్స్ వేడెక్కుతుందనేవాడు. రెండూ బాగున్నది దొరికితే, కొండ దిగేటప్పుడు వెనకనుంచి క్యాంపర్ తోసుకొస్తే ఆగదనేవాడు. "ఎక్కడం ఏదైనా ఎక్కుతుంది. దిగడం చూడాలి" అనేవాడు. ఈ మాట ఎన్నిసార్లు విన్నానో నాకే తెలీదు.

శనివారం వస్తే షోరూము. పిల్లలందరూ ఈతకి వెళ్తుంటే అక్కా నేనూ షోరూము కుర్చీల్లో... నాన్నేమో ఇస్త్రీ చొక్కాతో ట్రక్కు కింద పడుకుని టార్చిలైటు వేసి చూసేవాడు. కొన్నాళ్ళకి సేల్స్‌వాళ్ళు మమ్మల్ని చూడగానే లోపలికి వెళ్ళిపోవడం మొదలుపెట్టారు.

ఆదివారం పాట్‌లక్కులు, అంటే తలా ఒక వంట తెచ్చుకునే విందులు. ట్రాయ్‌లో మాకు తెలిసిన అంకుల్స్‌లో సగం మంది కార్ల పనిలోనే ఉండేవాళ్ళు. అదే మా ఖర్మ. పులిహోర ప్లేటు పట్టుకుని ఇంజిన్ల అంకుల్ ఒకటి చెప్తే, గేర్‌బాక్సుల అంకుల్ దాన్ని కొట్టిపారేసేవాడు. విచిత్రం ఏమిటంటే, ఎవరూ తాము తయారుచేసే బండి కొనమనేవాళ్ళు కాదు. ఇంటికొచ్చేసరికి నాన్న జాబితా మళ్ళీ మొదటికొచ్చేది.

ఈలోగా అమ్మ క్యాంపర్‌ని సామాన్ల కొట్టు చేసేసింది. బియ్యం బస్తాలు, పాత పరుపులు, పండక్కి మాత్రమే తీసే ఇత్తడి గుండిగలు... వాటి మధ్యలోనే అక్క కూర్చుని చదువుకునేది. పడక పక్కన కొండల ఫోటో ఒకటి అంటించింది.

"అక్కడ ఆగస్టులో కూడా స్నో ఉంటుందంట బుజ్జీ. నేను కాలేజ్‌కి వెళ్ళేలోపు మనం ఫోర్ పీపుల్ వెళ్ళాలి, ఓకే?" అనేది నాతో. క్యాంపర్ వచ్చినప్పుడు నాకు తొమ్మిదేళ్ళు, అక్కకి పదిహేను. చాలా టైముందనుకున్నాం.

మూడో వేసవికి అక్క హైస్కూలు అయిపోయింది. ఒకరోజు భోజనాల దగ్గర చెయ్యి కడగకుండా అలాగే కూర్చుంది.

"నాన్నా, జస్ట్ కొనెయ్ నాన్నా. ఏదైనా ఓకే."

"ఏదైనా అంటే ఎలాగమ్మా? నలుగురం ఎక్కే బండి."

"నేను వెళ్ళాక కొంటే ఎక్కేది త్రీ పీపులే."

 నాన్న మజ్జిగ పోసుకున్నాడు.

మర్నాడు బాత్రూములోని బరువుల కాటా హాల్లోకి వచ్చింది. బండి మీద ఎంత బరువు పడుతుందో లెక్క తేలాలని మమ్మల్ని ఒక్కొక్కరినీ ఎక్కించి కాగితం మీద రాశాడు. తర్వాత పిండి రుబ్బే గ్రైండరు, కుక్కర్లు, ఆవకాయ జాడీ...

"జాడీ ఖాళీగా తూచాలా, నిండుగానా?" అని అమ్మని అడిగాడు.

"ఖాళీ జాడీ కొండమీదికి ఎవరు మోసుకెళ్తారండీ?" అంది అమ్మ.

జులై చివర్లో ట్రక్కు కుదిరింది. బూడిదరంగుది. ఇక బయల్దేరడమే అనుకున్నాం. మంగళవారం బండి తేవద్దని అమ్మ ఒక రోజు ఆపింది. గుడిలో పూజకి శనివారం దాకా ఆగాం. నిమ్మకాయలు తొక్కించాం. ఆ తర్వాత క్యాంపర్ బ్రేకులు, ట్రక్కు బ్రేకులు కలిసి పడుతున్నాయో లేదో చూడాలని నాన్న మా వీధిలోనే రెండు వారాలు అటూ ఇటూ తిప్పాడు. అంతే... అక్క కాలేజీ హాస్టల్లో చేరే రోజు వచ్చేసింది.

కొండలెక్కడానికి మూడు వేసవులు వెతికిన ట్రక్కు మొట్టమొదట మోసింది ఒక తలగడ, ఒక రైస్‌కుక్కరు, రెండు సూట్‌కేసులు. వెళ్ళింది ఇల్లినాయ్‌లో మొక్కజొన్న చేల మధ్యకి. దారిలో చెప్పుకోడానికి ఒక మిట్ట కూడా లేదు. నాన్న మీద ఒళ్ళు మండిపోయింది నాకు. 

తర్వాతి వేసవి కొలరాడో వెళ్ళాం... ముగ్గురం. అక్కకి ఇంటర్న్‌షిప్పు, కుదరలేదు. ట్రక్కుకి వంక పెట్టడానికి లేదు. ఎక్కడం ఎక్కింది, దిగడం దిగింది. కొండమీద నిజంగానే ఆగస్టులో మంచు ఉంది. అక్కడ ఆగినప్పుడు టిష్యూల కోసం ముందున్న సొరుగు తెరిస్తే నాన్న బరువుల కాగితం దొరికింది. పాతది కాదు, ఆ ప్రయాణానికి కొత్తగా రాసుకున్నది. అమ్మ, నేను, గ్రైండరు, జాడీ... మధ్యలో అక్క పేరు, పక్కన నూట పద్దెనిమిది పౌండ్లు.

"అక్క రాలేదు కదా నాన్నా. కొట్టెయ్యనా?"

"ఉండనీ అమ్మా. కొంచెం మార్జిన్ ఉంటుంది" అన్నాడు. కాగితం నా చేతిలోంచి తీసుకుని జేబులో పెట్టుకుని, టైర్లు చూసొస్తానని దిగిపోయాడు. చాలాసేపు రాలేదు. నా కోపం ఆ కొండమీదే ఎక్కడో జారిపోయింది.

మొన్నామధ్య నేను ఫోన్‌లో చూసి గంటలో కారు కొనేశాను. "దిగడం చూశావా?" అని నాన్న ఇప్పటికీ ప్రాణం తీస్తాడు. క్యాంపర్ ఎవరికో ఇచ్చేశాం. అక్కకిప్పుడు ఇద్దరు పిల్లలు. మేం నలుగురం ఒకే బండిలో కూర్చుని ఎన్నేళ్ళయిందో...

మీ ఇంట్లో కూడా ఇలా ఏళ్ళ తరబడి ఎంచి ఎంచి తెచ్చుకున్నది ఏదైనా ఉందా? అది వచ్చేసరికి ఇంట్లో అందరూ ఉన్నారా... చెప్పండి.